అడిగినవానికే హక్కు

నీళ్ళలోనున్న బర్రెను గట్టుమీదనుండి బేరమాడరాదని మన పల్లెలలో పెద్దలు చెప్పుదురు. అట్లు బేరమాడువానికి కొమ్ములు, ముట్టె, వీపు కనబడును. పొదుగు కనబడదు, కాలి కుంటితనము కనబడదు. పైకము చేతులు మారి, బర్రె గట్టెక్కిన తరువాతగాని అసలు సంగతి తెలియదు. తెలిసిన తరువాత కొన్నవాడు అడుగు మాట ఒక్కటే: “ఇది ముందుగా నేల చెప్పలేదు?” అమ్మినవాడు చెప్పు జవాబును ఒక్కటే: “నీవు అడుగలేదు గదా!”

ఈ ప్రశ్నకును ఈ జవాబునకును నడుమనే క్రయవిక్రయముల న్యాయమంతయు నిమిడియున్నది. అంగడిలో ఎద్దును కొనువాడు దాని పండ్లు లెక్కించును; సుడులు చూచును; డెక్కలు తట్టును; నాలుగడుగులు నడిపించి, వీలైనచో కాడి కట్టించి మరి ధర మాటాడును. తాతతండ్రులనుండి వచ్చిన ఆ విద్య ఎద్దులతోపాటే తగ్గిపోయినది. ఎద్దు నిలిచిన చోట నేడు పాత కారు నిలిచినది. దాని పండ్లు లెక్కించుట ఎట్లో తెలిసినవారు కొద్దిమంది.

గోదావరికి దక్షిణపు గట్టున, రామగుండము ప్రక్కన, బొగ్గు గనులతోపాటు పెరిగిన పట్టణము గోదావరిఖని. ఆ గనులు 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీవి. ఆ కంపెనీలో నేడు తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటాలు గలవు. ఏటేట దసరా ప్రాంతమున లాభములలో వాటాయు, దీపావళికి బోనసును కార్మికుల చేతికందును. 2024లో లాభములలో 33 శాతము కార్మికులకు పంచుటకు నిర్ణయమైనది. సగటున ఒక్కొక్కరికి సుమారు 1 లక్షా 90 వేల రూపాయలని ప్రకటించిరి. ఏండ్ల తరబడి భూగర్భమున చెమటోడ్చినవానికి ఇట్టి సొమ్ము ఒక్కమారు చేత పడినపుడు ఇంటిలో కారు మాట పుట్టుట సహజము. ముసలి తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోవచ్చును. ఉద్యోగము దొరకని కొడుకు కిరాయికి త్రిప్పుకొనవచ్చును. క్రొత్తది కొనగల శక్తి లేదు, కావున పాతది.

అట్టి కార్మికుడొకడు మూడు లక్షల ఇరువది వేలకు కారు కొనెననుకొందము. నలుబది వేల కిలోమీటర్లే తిరిగినదని అమ్మినవాడు చెప్పెను. మీటరును అట్లే చూపెను. పదునైదు దినములు గడువకముందే రాజీవ్ రహదారిమీద ఇంజను ఆగిపోయెను. విప్పి చూచిన మెకానిక్కు, “ఇది లక్షన్నరకు తక్కువ తిరిగిన బండి కాదు” అనెను. కార్మికుని చేత మిగిలినవి ఒక తాళపుచెవియు, ఒక స్టాంపు కాగితమును. అతనికి గల హక్కు ఏమి?

పూర్వుల అయిదు దినములు

ఈ ప్రశ్న నేటిది కాదు. మన ధర్మశాస్త్రములు వ్యవహారమును పదునెనిమిది పదములుగా విభజించెను. వానిలో క్రయవిక్రయములను గూర్చి కలుగు పశ్చాత్తాపమునకు ఒక పదము ప్రత్యేకింపబడినది. దీనికే అనుశయమని పేరు. కొనిన వస్తువును పరీక్షించుకొనుటకు యాజ్ఞవల్క్యస్మృతి వస్తువునుబట్టి గడువు విధించినది: విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒక్క దినము, రత్నములకు ఏడు దినములు, పాడిపశువులకు మూడు దినములు, బరువు మోయు పశువులకు అయిదు దినములు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య దేశమున పెక్కు ప్రాంతములలో ప్రమాణమయ్యెను. తిక్కన కాలపువాడైన కేతన దాని ననుసరించి తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను.

గడువులలోని తారతమ్యము గమనింపదగినది. ఇనుములోని లోపము ఆనాడే బయటపడును. విత్తనములోని లోపము మొలకెత్తినగాని తెలియదు. లోపము బయటపడుటకు పట్టు కాలమే పరీక్షకు గడువు. బండి లాగు ఎద్దునకు అయిదు దినములు చాలునని వారు తలచిరి. నేటి బండికి ఎన్ని దినములు? మన చట్టమున సంఖ్య లేదు. “సమంజసమైన కాలము” అను మాట మాత్రమే కలదు. ఆ కాలములోగా వస్తువును నిరాకరించుచున్నట్లు తెలుపక తనయొద్దనే ఉంచుకొన్నవాడు దానిని అంగీకరించినట్లే. అట్లు అంగీకరించిన పిమ్మట నష్టపరిహారము కోరవచ్చునుగాని, “నీ వస్తువు నీవు తీసికొని నా సొమ్ము నాకిమ్ము” అనుట సామాన్యముగా కుదరదు. కావున లోపము కనబడిన దినమే వ్రాతపూర్వకముగా తెలుపుట కొన్నవాని మొదటి పని.

గుఱ్ఱము కథ

ఆంగ్లేయుల న్యాయము వేరు త్రోవను నడచినది. కొనువాడే జాగ్రత్తపడవలెనని దాని మూలసూత్రము. ఆ సూత్రపు నీడ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము మీదను పడినది. ఆ చట్టపు 17వ విభాగము మోసమనగా నేమో చెప్పి, గుఱ్ఱపు బేరముతో దానిని విశదపరచినది. తరగతి గదిలో చెప్పదగిన కథ అది.

ఒకడు తన గుఱ్ఱమును వేలమునకు పెట్టెను. అది రోగిష్ఠిదని అతనికి తెలియును, ఏమియు పలుకలేదు. మరియొకడు కొనెను. ఇది మోసము కాదని చట్టము చెప్పుచున్నది. ఊరక యుండుట మాత్రమే మోసము కానేరదు. కాని కొన్నది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కుమార్తెయే యైనచో, ఆ సంబంధమునుబట్టి నిజము చెప్పుట తండ్రి విధి. ఇక మూడవ కథ: కొనువాడు ముందుగా, “నీవు కాదనకున్నచో గుఱ్ఱము ఆరోగ్యముగ నున్నదనియే భావింతును” అనెను. అమ్మువాడు పలుకలేదు. ఇప్పుడా మౌనము మాటతో సమానము.

గుఱ్ఱమొక్కటే, రోగమొక్కటే, అమ్మువాని మౌనము నొక్కటే. మొదటి కథలో దోషము కానిది మూడవ కథలో దోషమగుటకు కారణము కొనువాడు పలికిన ఒక్క వాక్యము. పాత కారు కొనువాడు కంఠస్థము చేయవలసిన న్యాయము ఇదియే. “దీనికి ప్రమాదమేదైన జరిగినదా? నీట మునిగినదా? ఇంజను మార్చిరా? అప్పు మిగిలియున్నదా?” అని అడిగినవానికి అమ్మినవాని జవాబు సాక్ష్యమగును, జవాబు లేకపోవుటయు సాక్ష్యము కావచ్చును. అడుగనివానికి ఏదియు మిగులదు. 2024 సెప్టెంబరు మొదట ఖమ్మమున మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగినపుడు ఎన్నో వాహనములు నీట మునిగెను. మునిగిన కారు కడిగి రంగు వేయించినచో కంటికి క్రొత్తదివలె నుండును. సామెతలోని బర్రె నీటిలో నున్నందున దోషము కనబడలేదు. ఈ కారు నీటినుండి బయటపడినందున కనబడదు!

ఐతే మౌనమునకును దాచుటకును భేదము కలదు. తెలిసిన సంగతిని ప్రయత్నపూర్వకముగా కప్పిపుచ్చుట మోసమేయని అదే విభాగము చెప్పుచున్నది. మీటరును వెనుకకు త్రిప్పుట, విరిగిన ఛాసిస్‌ను అతికించి రంగు పూయుట మౌనములు కావు, చేతలు. అట్టి మోసమునకు లోనైనవాడు ఒప్పందమును రద్దు చేసికొనవచ్చును. మోసగించి సొమ్ము పుచ్చుకొనుట నేరము కూడ. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 318వ విభాగమున దీనికి శిక్ష కలదు. కాని శిక్ష వేరు, సొమ్ము వేరు. పోలీసులకు ఫిర్యాదు చేసినంతమాత్రమున పైకము ఇల్లు చేరదు.

అమ్మినవాడెవడు?

1930 నాటి వస్తు విక్రయ చట్టము కొన్నవానికి మరికొంత అండనిచ్చినది. ఆ చట్టపు 16వ విభాగము ప్రకారము, అట్టి వస్తువుల వ్యాపారమే వృత్తిగా గలవానియొద్ద వర్ణననుబట్టి కొన్న సరుకు అమ్మకమునకు తగిన నాణ్యత గలదై యుండవలెను. కాని కొన్నవాడు పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో కనబడవలసిన లోపములకు ఈ రక్షణ లేదు. ఏదో మొక్కుబడిగా బండి చుట్టు తిరిగివచ్చుట ఇందుచేతనే చేటు. చూచినచో చక్కగా చూడవలెను. తెలిసిన మెకానిక్కును వెంటగొనిపోవలెను.

అమ్మినవాడు వ్యాపారియా, సామాన్యుడా అనుట ఎంత ముఖ్యమో ఇంగ్లండులోని రెండు తీర్పులు తెలుపును. మన న్యాయస్థానములకు అవి శిరోధార్యములు కాకపోయినను, దారి చూపు దీపములు. 1957 నాటి తగవులో ఒక సామాన్యుడు తన మారిస్ కారును 1948 నాటిదని చెప్పి 290 పౌండ్లకు ఒక డీలరునకిచ్చెను. రిజిస్ట్రేషను పుస్తకమునను అట్లే యుండెను. తరువాత అది 1939 నాటిదనియు, 175 పౌండ్లే చేయుననియు తేలెను. అతడు నమ్మి చెప్పినమాటయే గాని హామీ కాదనియు, నిజము తెలిసికొను సామర్థ్యము అతనికంటె డీలరునకే తక్కువగా లేదనియు కోర్టు నిర్ణయించెను. 1965లో మరియొక తగవు వచ్చినది. ఇంజను మార్చిన తరువాత ఇరువది వేల మైళ్ళే తిరిగినదని ఒక డీలరు చెప్పి బెంట్లీ కారు నమ్మెను; నిజమునకు లక్ష మైళ్ళు తిరిగినది. ఇది హామీయే, పరిహారము చెల్లింపవలసినదే యని తీర్పు వచ్చెను. రెండు తగవులలోను తీర్పరులలో లార్డ్ డెన్నింగ్ ఉండెను. తెలిసికొనగల స్థితిలోనున్నవాని నోటిమాటకు బరువెక్కువ.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారునే ఉదాహరణముగా తీసికొని ఒక వ్యాసము వ్రాసెను. కారు గుణము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. అందువలన కొనువాడు ప్రతి కారునకు అనుమానపు ధరయే ఇచ్చును. ఆ ధరకు మంచి కారు గలవాడు అమ్మక వెనుదిరుగును. చెడ్డ కార్లే బజారున మిగులును. అతనికి 2001లో నోబెల్ బహుమానములో వాటా లభించెను. మోసము కొన్నవానికి మాత్రమే నష్టము కాదు, నిజాయతీపరుడైన అమ్మకందారునకును నష్టమేయని ఈ సిద్ధాంతపు సారము.

కాగితము మీది కారు

కారు రెండు చోట్ల నుండును: వీధిలో నొకటి, రిజిస్టరులో నొకటి. వీధిలోని కారు చేతులు మారినను రిజిస్టరులోనిది మారనిచో కొన్నవానికి, అమ్మినవానికి ఇరువురికిని చిక్కే. మోటారు వాహనముల చట్టము 50వ విభాగము ప్రకారము రాష్ట్రములోనే అమ్మినచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణాశాఖకు తెలుపవలెను. ఇందులకు 29, 30 సంఖ్యల ఫారములు గలవు. బ్యాంకు అప్పు తీరినదనుటకు 35వ ఫారము. పొరుగు రాష్ట్రపు బండియైనచో నిరాక్షేపణ పత్రము. అమ్మివేసితిని గదా యని నిశ్చింతగ నున్నవారు 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పును ఎరుగవలెను. కారు అనేకుల చేతులు మారిన తరువాత ప్రమాదము జరిగినను, రిజిస్టరులో ఎవని పేరున్నదో అతడే యజమానియనియు, పరిహారభారము అతనిదేయనియు ఆ తీర్పు. ఇన్సూరెన్సు పత్రమును కూడ 14 దినములలో తన పేరిట మార్పించుకొననివానికి సొంత బండి నష్టము దక్కుట దుర్లభము.

యాజమాన్యమే లేనివాడు అమ్మినచో నేమగును? 1930 చట్టపు 14వ విభాగము ప్రకారము, అమ్ముటకు తనకు హక్కు కలదని ప్రతి అమ్మకందారుడును చెప్పకయే చెప్పినట్లు. 1923లో ఇంగ్లండున ఒకడు 334 పౌండ్లకు కొన్న కారు దొంగసొత్తని తేలి, నాలుగు నెలల తరువాత పోలీసులు దానిని పట్టుకొనిపోయిరి. అన్నినాళ్ళు వాడుకలో నున్నను కొన్నవానికి పూర్తి ధర తిరిగి వచ్చెను. కొన్నది యాజమాన్యము, అది అతనికి ఒక్క దినమైన దక్కలేదు గదా!

వినియోగదారుని తలుపు

సామాన్యునకు సివిలు కోర్టు మెట్లు ఎత్తైనవి. వానికి తగిన తలుపు 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తెరచినది. దాని స్థానమున 2019 చట్టము 2020 జులైలో అమలులోనికి వచ్చినది. పాత వస్తువు సరుకు కాదని ఈ చట్టమున ఎచ్చటను లేదు. తిరిగి అమ్ముటకు కొన్నవాడు, వాణిజ్యమునకు కొన్నవాడు వినియోగదారుడు కాడు. కాని స్వయముగా నడుపుకొని పొట్ట పోసికొనుటకు కొన్నవాడు వినియోగదారుడే. కిరాయి బండి నడుపు గనికార్మికుని కొడుకు ఈ నీడలోనివాడే.

పూర్వము అమ్మినవాని ఊరికి పోయి వ్యాజ్యమాడవలసి వచ్చెడిది. ఇప్పుడు కొన్నవాడు తాను నివసించుచోటనే ఫిర్యాదు చేయవచ్చును. హైదరాబాదులో కొన్న కారునకు గోదావరిఖనివాడు హైదరాబాదు పోనక్కరలేదు. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ విచారించును; ధర 5 లక్షల లోపైనచో రుసుము లేదు. ప్లీడరు లేకయే వాదించుకొనవచ్చును. రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. లోపమును సవరింపుమనియు, ధర తిరిగి యిమ్మనియు, పరిహారము చెల్లింపుమనియు ఆజ్ఞాపించు అధికారము కమిషనుకు కలదు. అవసరమైనచో వస్తువును నిపుణపరీక్షకు పంపును. 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఎవనిపై ఫిర్యాదు చేయవలెనో తెలియుట ముఖ్యము. గోవాలో ఒకడు 2011 నాటి క్రొత్త కారునకు సొమ్ము చెల్లించెను. డీలరు అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన 2009 నాటి కారునిచ్చెను. క్రింది న్యాయపీఠములు డీలరును, తయారీదారైన టాటా మోటార్స్‌ను ఇరువురిని బాధ్యులను చేసెను. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు డీలరు చేసిన పని తయారీదారునకు తెలిసినట్లు రుజువు లేనందున అతనిని విముక్తుని చేసెను. డీలరు బాధ్యత మాత్రము నిలిచినది. పేరు గొప్పదని తయారీదారు వెంటబడక, చేతిలో సొమ్ము పుచ్చుకొన్నవానినే పట్టుకొనవలెనని దీనివలన తెలియును. దళారి నడుమ నుండి మాయమైనచో పట్టుకొనుటకు ఎవడును ఉండడు. అందుకే 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన నియమములు పాత వాహనముల వ్యాపారికి రవాణాశాఖ అనుమతిపత్రమును అవసరము చేసినవి. యజమాని తన బండిని అట్టి వ్యాపారికి అప్పగించి ఆ సంగతి తెలిపినచో, ఆనాటినుండి ఆ వ్యాపారియే యజమానిగా భావింపబడును. కొనువాడు మొదట అడుగవలసినది ఆ అనుమతిపత్రమును. వ్యాపారము వృత్తిగా లేని పొరుగువానియొద్ద కొన్నచో వినియోగదారుల కమిషను త్రోవ ఇరుకైనది. అప్పుడు సివిలు కోర్టే దిక్కు.

ఇక ఆ కార్మికుని కథకు వత్తము. నలుబది వేల కిలోమీటర్ల మాట వ్యాపారి రసీదుమీద వ్రాసియిచ్చినచో అతడు కమిషనునుండి ధరయు పరిహారమును పొందుటకు చక్కని అవకాశము కలదు. పొరుగువాడు మీటరు త్రిప్పినట్లు పాత సర్వీసు రికార్డులవలన తేలినచో అది మోసము. ఆ పొరుగువాడును మోసపోయి నమ్మి చెప్పినవాడే యైనచో దారి కఠినము. “ఉన్నది ఉన్నట్లుగా కొంటిని” అను స్టాంపు కాగితముమీద చదువక సంతకము చేసియున్నచో మరింత కఠినము; ఐనను ఆ కాగితము మోసమును కప్పజాలదు. ఎట్లైనను అతడు ఇంజనును మరమ్మతు చేయించుటకు ముందే మెకానిక్కుచే లోపమును వ్రాయించి, చిత్రములు తీయించి, అమ్మినవానికి రిజిస్టరు పోస్టున నోటీసు పంపవలెను. మరమ్మతు ముందు, ఫిర్యాదు వెనుక ఐనచో సాక్ష్యము షెడ్డులోనే పోవును.

ఈ జాగ్రత్త బొగ్గుగని కార్మికునకు క్రొత్తగా నేర్పవలసినది కాదు. ప్రతి షిఫ్టునందును సర్దారు ముందుగా గనిలో నడచి, పైకప్పును కఱ్ఱతో తట్టి చెవియొగ్గి వినును. గట్టి రాయి ఒక రీతిగా పలుకును. వదులైనది డొల్లగా పలుకును. విన్నది పుస్తకమున వ్రాసి సంతకము చేయును. తట్టుట, వినుట, వ్రాయుట: ఈ మూడింటి మీదనే భూమి క్రింద ప్రాణములు నిలిచియున్నవి. పైకి వచ్చిన తరువాత, ఏండ్ల చెమటను ఒక్క సంతకముతో ఇచ్చివేయు వేళ, ఆ కార్మికుడు ఆ కఱ్ఱను గనిలోనే విడిచి రాకుండ నుండవలెను.